ఏం లేదండీ అనే ఇల్లు

మార్చి 4, మంగళవారం. సాయంత్రం ఆరు

ఈ పొద్దున ఎలా జరిగిందో రాసి పెట్టుకోవాలి. మరిచిపోతానని కాదు. ఎక్కడ తప్పానో చూసుకోవాలి.

ఎప్పటిలాగే అయిదింటికి లేవాల్సింది, అయిదుంబావు అయింది. మొహం కడుక్కుని దేవుడి ముందు కూర్చున్నాను. ఆరింటికి కింద షాపు షట్టర్ సగం లేచిన చప్పుడు. మా తమ్ముడు చిన్నోడు ఎప్పుడూ సగమే ఎత్తి ఆపుతాడు, నా ప్రార్థనకి అడ్డం రాకూడదని. మిగతా సగం నేను మెట్లు దిగాకే. మరదలు వంటింట్లో పాలు పొంగకుండా గిన్నెలో గరిట వేసి ఉంచింది. పక్కింటి రేడియోలో ఎవరో వాతావరణం చెబుతున్నారు.

మాది బైండింగ్ షాపు. నాన్న పెట్టింది. పని వరస నాన్న రోజుల్నించి ఒకటే. మైదా జిగురు కాచి చల్లార్చడం నా వంతు. కాగితాలు మడిచి, మడతని బద్దతో నొక్కి, కట్టలుగా పేర్చడం చిన్నోడి వంతు. కుట్టు నాది, కోత వాడిది. ఈ మధ్య వాడొక అలవాటు చేసుకున్నాడు. నేను కిందికి దిగేలోపు పన్నెండు సూదుల్లో దారం ఎక్కించి, గుడ్డ దిండుకి గుచ్చి నా బల్ల మీద పెడతాడు. నేను అడగలేదు. వాడూ ఎందుకో చెప్పలేదు.

కటింగ్ మిషన్ బ్లేడు మొద్దుబారింది. సాన పట్టేవాడు ఎనిమిదికి వస్తానన్నాడు. ఆ బ్లేడు చెయ్యంత పొడవు. దాన్ని దించడం ఇద్దరి పని. ఒక కొస వాడు, ఒక కొస నేను. లేవడం ఆలస్యమైంది కాబట్టి ప్రార్థన దగ్గర ఇంకో పావుగంట కూర్చున్నాను. వాడు పిలవలేదు. ఒక్కడే దించాడు. జారింది. పట్టుకోబోయాడు.

జారే బ్లేడుని వదిలెయ్యాలి గాని పట్టుకోకూడదని నాన్న నాకు వెయ్యిసార్లు చెప్పాడు, నేను వాడికి చెప్పాను. చెయ్యి మాట వినదు.

కుడి అరచేయి. చూపుడు వేలు, నడిమి వేలు మొదట్లో అడ్డంగా కోత. నేను దిగేసరికి జిగురు గుడ్డ చుట్టుకుని నిలబడ్డాడు. ఎందుకు పిలవలేదురా అంటే, ప్రార్థనలో ఉన్నావు కదక్కా అన్నాడు. ఎలా ఉందిరా అంటే, ఏం లేదన్నాడు. బల్ల మీద పన్నెండు సూదులూ గుచ్చే ఉన్నాయి.

దగ్గరలో ఉందని ముందు అద్దాల ఆసుపత్రికి వెళ్లాం. కౌంటర్ అమ్మాయి రక్తం చూడకముందే కార్డు అడిగింది. ఇన్సూరెన్స్ లేదన్నాను. అయితే డిపాజిట్ అంది. ఆ అంకె ఇక్కడ రాయను. చిన్నోడు నా కొంగు పట్టి లాగాడు, ఇంత చిన్న దెబ్బకి ఇదంతా ఎందుకక్కా పద అని.

పెద్దాసుపత్రిలో డబ్బు అడగలేదు. బెంచీ మీద మూడు గంటలు. కుర్ర డాక్టరమ్మ ఎనిమిది కుట్లు వేసింది. వేళ్లు మడత పడుతున్నాయా అని అడిగింది. పడుతున్నాయండీ అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నేనూ తలూపాను.

మార్చి 5, బుధవారం

ఎలా ఉందంటే ఏం లేదంటాడు. మరదలి మొహం వేరేగా చెబుతోంది.

మార్చి 6, గురువారం

దిండు ఖాళీ అయింది. ఈ రోజు సూదులు నేనే ఎక్కించుకున్నాను. నాలుగు సూదులకి ముప్పావు గంట పట్టింది. షాపులో లైటు మార్చాలి.

మార్చి 8, శనివారం

కట్టు మార్పించడానికి వీధి చివర కాంపౌండర్ దగ్గరికి తీసుకెళ్లాను. గుడ్డ విప్పగానే చెయ్యి బిగించి చూడమన్నాడు. బొటనవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు ముడుచుకున్నాయి. ఆ రెండూ నిలబడే ఉన్నాయి, కర్రల్లా. కాంపౌండర్ నన్ను చూశాడు. నేను చిన్నోడిని చూశాను. వాడు గోడకున్న క్యాలెండర్ చూస్తున్నాడు.

ఎన్నాళ్లనుంచిరా అన్నాను. మొదటి రోజు నుంచే అన్నాడు.

కొసలు తిమ్మిరి కూడానట. కాగితం ముట్టుకుంటే ఏ వైపు మడత పడుతుందో తెలియడం లేదట. మా పనిలో అదే కన్ను. కాగితానికి పోగు ఏ వైపుందో వేలి కొసతో చూస్తాం. పోగుకి ఎదురు మడిస్తే పుస్తకం జీవితమంతా విరగబడుతుంది.

నాకు కోపం రాలేదు. భయం వేసింది. కూర్చుని ప్రార్థించాను. ఏమీ అడగలేదు. తర్వాత ఏం చెయ్యాలో చూపించమన్నాను, అంతే.

మార్చి 10, సోమవారం

మా చెల్లెలు నడిపిదానికి ఫోన్ చేశాను. తను వంట చేసే హాస్టల్లో పొయ్యి ఎవరికో అప్పగించి వచ్చేసింది. మా ముగ్గురికీ సరిపడా నోరు దేవుడు దానికొక్కదానికే ఇచ్చాడు.

గుమ్మంలోనే మొదలుపెట్టింది. అడగందే అమ్మయినా అన్నం పెట్టదు, నువ్వు చెప్పందే డాక్టర్ కలగంటాడట్రా అని చిన్నోడిని దులిపింది. వీడు పోయాక కూడా పాడె మీంచి లేచి, నాకేం లేదండీ, మీరు శ్రమపడకండి అంటాడు అంది. మరదలు నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

అద్దాల ఆసుపత్రిలో చేతుల డాక్టర్‌కి చూపించడానికి మాత్రం డబ్బు కట్టాం. ఆయన స్కాన్ తీయించి చెప్పాడు. టెండన్లు తెగాయి. వేలిని లోపలికి లాగే తాళ్లు. తెగినవి వెనక్కి ముడుచుకుపోతాయి. రెండు వారాల్లో కలిపితే మంచిది, మూడు దాటితే మామూలు ఆపరేషన్‌తో కాకపోవచ్చు. అప్పటికి వేళ్లు బిగుసుకుపోతాయి.

మూడు వారాలంటే ఈ నెల ఇరవై అయిదు.

ఇక్కడ చేయించుకుంటే ఎంతవుతుందో ఒక కాగితం మీద రాసి ఇచ్చారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. కటింగ్ మిషన్ అమ్మేద్దామక్కా అన్నాడు చిన్నోడు. మిషన్ అమ్మి చెయ్యి బాగుచేయించుకుంటే, ఆ చెయ్యి ఏం కొయ్యాలిరా అన్నాను. నడిపిది నా వైపు చూసి, అబ్బో, మా అక్కకీ మాటలొచ్చు అంది.

పెద్దాసుపత్రిలో చేతుల ఓపీ గురువారం ఒక్కరోజే. పదమూడు, ఇరవై. మనకి రెండు గురువారాలున్నాయి.

మార్చి 10, సోమవారం. మళ్లీ

ఒక మాట రాయకుండా పడుకోలేను. ఇన్సూరెన్స్ ఏజెంట్ ఏటా వచ్చేవాడు. గొడుగు మూలన పెట్టి ఓపిగ్గా చెప్పేవాడు. నేను కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, మాకేం లోటు లేదండీ, దేవుడున్నాడు అని పంపేదాన్ని. దేవుడు ఉన్నాడు. ఏజెంట్‌ని పంపింది ఆయనే కావచ్చని మాత్రం తోచలేదు.

మార్చి 12, బుధవారం

పెద్దాసుపత్రికి ఒక్కదాన్నే వెళ్లి రేపటికి దారి కనుక్కుని వచ్చాను. ఏ కౌంటర్, ఏ గది, ఎన్ని గంటలకి. గోడ మీద బోర్డు ఉంది గాని ఒక ముసలాయన్ని అడిగి తెలుసుకున్నాను. ఆయన ఎక్స్‌రే కాగితం ఏదో గదిలో పోయిందట. రెండు నెలలుగా దానికోసం తిరుగుతున్నాడు. కాగితం లేకపోతే మనిషి లేనట్టే తల్లీ అన్నాడు.

కాగితం పోవడం మా ఇంట్లో జరగదు. ఇంటికొచ్చి చిన్నోడి కాగితాలన్నీ వరస పెట్టాను. క్యాజువాలిటీ చీటీ మూడు రంగుల్లో, స్కాన్, రక్తపరీక్ష, అద్దాల ఆసుపత్రి డాక్టర్ ఉత్తరం. అయిదు కుట్లతో కుట్టి, వెన్నుకి జిగురు రాసి, అట్ట వేశాను. చిన్నోడు ఎడమచేత్తో తిరగేసి, బాగుందక్కా అన్నాడు. ఏ గాలికీ ఒక్క ఆకు ఊడదు.

మార్చి 13, గురువారం

తప్పు నాది.

అయిదింటికి బయల్దేరాం. వరసలో పదకొండో వాళ్లం. నడిపిది అందరితో మాట కలిపి ముందువాళ్ల రోగాలన్నీ తెలుసుకుంది. ఎనిమిదిన్నరకి కౌంటర్ తెరిచారు. గుమాస్తా నా పుస్తకం అందుకుని అటూ ఇటూ తిప్పాడు. తెల్లచీటీ ఏదమ్మా అన్నాడు. మొదటి పేజీ అన్నాను. విడిగా ఇవ్వండి అన్నాడు. తెల్లది డాక్టర్‌కి, పసుపుది నా దగ్గర, గులాబీది మందుల గదికి వెళ్లాలి, మీరేమో మూడూ కలిపి కుట్టేశారు, దీన్ని నేను లైబ్రరీలో పెట్టాలా అన్నాడు. వెనకవాళ్లు నవ్వారు.

కుట్లు అక్కడే విప్పబోయాను. వెన్నుకి జిగురు పట్టేసింది. లాగితే చీటీ అంచు చిరిగింది. పైగా సూది రంధ్రాలు సరిగ్గా సీలు మీదుగా, సంతకం మీదుగా పోయాయి. అది చూసి గుమాస్తా తల అడ్డంగా ఊపాడు. సీలు పాడైతే చీటీ చెల్లదట. రాసిన డాక్టరమ్మ దగ్గరే కొత్తది రాయించుకోవాలట. ఆమె డ్యూటీ రేపు. ఓపీ ఈరోజు.

నడిపిది కౌంటర్ మీద చెయ్యి వేసి కొంత సేపు మాట్లాడింది. ఆ మాటలు దేవుడి ముందు పెట్టే పుస్తకంలో రాయకూడదు. గుమాస్తా చెడ్డవాడు కాడు. రోజుకి మూడు వందల మంది అతన్ని తిడతారు. చివరికి అతనే అన్నాడు, అమ్మా, మీరు కుట్టినట్టు మా రిజిస్టర్ ఒక్కటి కుట్టినా రెండు నెలలుగా ఇక్కడ తిరుగుతున్న ఆ ముసలాయన ఎక్స్‌రే పోయేది కాదు, కానీ రూలు రూలే అని.

బయట నడిపిది నన్ను అడిగింది. నలభై ఏళ్లుగా కుడుతున్నావు, ఒక్క కుట్టు తప్పు పడలేదు, ఈరోజు పోయి పోయి సీలు మీదే పొడిచావేమిటక్కా, కనబడలేదా అని.

తొందరలో చూసుకోలేదన్నాను.

చిన్నోడు నా వైపే చూస్తూ నడిచాడు.

ఒక గురువారం పోయింది. ఒకటి మిగిలింది.

మార్చి 14, శుక్రవారం

డ్యూటీ మొదలవక ముందే క్యాజువాలిటీ గుమ్మంలో నిలబడ్డాను. కుర్ర డాక్టరమ్మ వచ్చింది. మొత్తం చెప్పాను. ఆమె తన పాత చీటీ చూసుకుంది. వేళ్ల కదలిక మామూలు అని తనే రాసింది. మొహం పాలిపోయింది. మీ తమ్ముడు మడత పడుతున్నాయన్నారండీ అంది. అవునమ్మా, వాడు అలాగే అన్నాడు, నేనూ తలూపాను అన్నాను. అయినా నేను వేళ్లు మడిపించి చూడాల్సింది అంది. తప్పు ఇద్దరం పంచుకున్నాం. అలా పంచుకుంటే నిలబడటం తేలికైంది.

కొత్త చీటీ రాసింది. పైన ఎర్ర ఇంకుతో అర్జెంట్ అని. గురువారం దాకా ఆగకండి, చేతుల సర్జన్ సోమవారం ఎనిమిదికి వార్డులో తిరుగుతారు, అక్కడే పట్టుకోండి అంది. ఇంకొకటి కూడా చెప్పింది. ఆయన రోగిని తప్ప ఎవర్నీ అడగడట. రోగి చెప్పిందే వింటాడట.

చీటీని అట్ట ముక్కల మధ్య పెట్టుకుని ఇంటికి తెచ్చాను. ఈసారి కుట్టలేదు.

మార్చి 16, ఆదివారం

రోగి చెప్పిందే వింటాడు. రెండు రోజులుగా ఈ మాటే తిరుగుతోంది.

చిన్నోడికి అబద్ధం నేర్పింది నేను. ఇక్కడ రాస్తాను.

నాన్న పోయిన ఏడాదిన్నరకి అమ్మ పోయింది. నాకు ఇరవై, నడిపిదానికి పదమూడు, చిన్నోడికి ఆరు. పదకొండో నాడు పెదనాన్న, మేనమామ వచ్చి కూర్చున్నారు. ఆడపిల్లవి, ముగ్గురూ ఇక్కడెలా ఉంటారు, నడిపిదాన్ని పెదనాన్న, చిన్నోణ్ణి మామయ్య తీసుకెళ్తారు అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. ఒక నెల చూడండి అని బతిమాలాను. ప్రతి ఆదివారం వచ్చి చూస్తామన్నారు.

వాళ్లు వచ్చే ముందు ఇద్దర్నీ బల్ల ముందు నిలబెట్టి నేర్పేదాన్ని. ఎవరేం అడిగినా ఏం లేదండీ, బాగానే ఉంది అనాలి. ఆకలి ఉన్నా, జ్వరం ఉన్నా. ఒక్కళ్లు ఏడ్చినా ముగ్గురం మూడు ఊళ్లు. నడిపిదానికి ఆ పాఠం ఎక్కలేదు, అది పుట్టుకతోనే నోరు. చిన్నోడికి ఎక్కింది. ఒక ఆదివారం వాడి పాదంలో అట్ట కొట్టే మేకు దిగి ఉంది. మేనమామ ముందు అదే కాలు మీద నిటారుగా నిలబడి, ఏం లేదు మామయ్యా అన్నాడు. ఆయన వెళ్లాక చెప్పు విప్పితే నెత్తురు. నేను వాడి తల నిమిరి, నువ్వు మగాడివిరా అన్నాను. ఎంత మురిసిపోయాడో.

ఆ నెల గడిచింది. మమ్మల్ని విడదీయలేదు. పాఠం చెయ్యాల్సిన పని చేసింది. దాన్ని ఆపమని చెప్పడం మాత్రం మరిచిపోయాను. ముప్ఫై నాలుగేళ్లు.

మార్చి 17, సోమవారం. మధ్యాహ్నం

ఒక్కొక్కటి వరసగా రాస్తాను.

ఏడున్నరకే వార్డు బయట ఉన్నాం. నేను, చిన్నోడు, నడిపిది. ఎనిమిదింబావుకి సర్జన్ వచ్చాడు. పొడుగు మనిషి, వెనక ఆరుగురు కుర్ర డాక్టర్లు, చేతిలో సగం తిన్న బిస్కెట్. ఎర్ర ఇంకు చూసి ఆగాడు. చిన్నోడి మొహంలోకి చూసి, ఎలా ఉందయ్యా అన్నాడు.

పర్లేదండీ అన్నాడు వాడు.

పనేమన్నా చేసుకోగలుగుతున్నావా అన్నాడు. ఏదో నెట్టుకొస్తున్నానండీ అన్నాడు. సర్జన్ వార్డు వైపు చెయ్యి చూపించాడు. లోపల మిషన్‌లో చెయ్యి నలిగినవాడున్నాడు, బొటనవేలు తెగిపోయిన పిల్లాడున్నాడు, నువ్వు నెట్టుకురాగలిగితే వచ్చే నెల మొదటివారం రా అన్నాడు. కుర్ర డాక్టర్ చీటీ మీద ఏప్రిల్ 3 అని రాసేశాడు. వాళ్లు ముందుకు నడిచారు.

నడిపిది నోరు తెరిచింది. నేను దాని మణికట్టు పట్టుకున్నాను. దాని జీవితంలో మొదటిసారి నోరు మూసుకుంది.

చిన్నోణ్ణి గోడవారకి తీసుకెళ్లాను. ఏం చెప్పాలో ప్రార్థనలో అడుక్కున్నదంతా మరిచిపోయాను. ఒరే, మామయ్యలు ఇంక రారు అన్నాను. వాడికి అర్థం కాలేదు. పెదనాన్న లేడు, మామయ్య లేడు, మనల్ని విడదీసేవాళ్లెవరూ లేరు, ఆ ఆదివారాలు అయిపోయాయిరా, ఇంక నిజం చెప్పొచ్చు అన్నాను. వాడు నన్ను చూస్తూ ఉండిపోయాడు. నలభై ఏళ్ల మనిషి. ఎడమచేత్తో నా కొంగు పట్టుకున్నాడు.

సర్జన్ నాలుగో మంచం దగ్గరున్నాడు. ఆయన ముందుకెళ్లి నిలబడ్డాను. మా తమ్ముడు మీకు అబద్ధం చెప్పాడండీ, అది వాడికి నేర్పింది నేను, ఇంకొక్కసారి అడగండి అన్నాను. కుర్ర డాక్టర్లు నన్ను పక్కకి జరపబోయారు. సర్జన్ వద్దన్నట్టు చెయ్యెత్తాడు. ఏమ్మా, నొప్పి ఉన్నవాడు చెప్పడు, లేనివాళ్లు చెబుతారు, మీదేం ఇల్లమ్మా అన్నాడు. ఏం లేదండీ అనే ఇల్లండీ అన్నాను.

ఆయన బిస్కెట్ జేబులో పెట్టుకున్నాడు. చిన్నోడి వైపు తిరిగి మళ్లీ అడిగాడు. ఎలా ఉందయ్యా.

అప్పుడు చెప్పాడు. ఎక్కడినుంచి వచ్చిందో అంత మాట. సూది పట్టుకోలేనండీ, కాగితం పట్టుకోలేను, చొక్కా గుండీ నా భార్య పెడుతోంది, ఆ రెండు వేళ్లూ నావి కానట్టున్నాయి, వేడి గ్లాసు పట్టుకుని కాలినా తెలియలేదు చూడండి బొబ్బ, స్నానాలగదిలో నీళ్లు వదిలి ఏడుస్తున్నానండీ, మా అక్కకి వినబడకుండా. పని తప్ప నాకేమీ రాదండీ, పదేళ్లప్పుడు బద్ద పట్టుకున్నాను, ఈ చెయ్యి లేకపోతే నేనెవర్నో నాకు తెలియదు. భయంగా ఉందండీ.

నాలుగో మంచం మీద మనిషి కూడా తన నొప్పి మానేసి వింటున్నాడు.

సర్జన్ మంచం అంచు మీద కూర్చుని వాడి వేళ్లు ఒక్కొక్కటే పట్టి చూశాడు. దెబ్బ తగిలి ఎన్ని రోజులన్నాడు. పదమూడన్నాను. చీటీ మీద ఏప్రిల్ 3 కొట్టేశాడు. గురువారం చేరండి, శనివారం చేస్తాను అన్నాడు. వెళ్తూ వెళ్తూ, మొదటిసారే ఇలా చెబితే నా బిస్కెట్ జేబులో పొడి అయ్యేది కాదు కదా అన్నాడు.

బయటికొచ్చాక నడిపిది చిన్నోడి వీపు మీద ఒక్కటి చరిచి, నీకు నోరుందని తెలిస్తే నేను ఇన్నాళ్లు అంత అరవక్కర్లేదు కదరా అంది. దానికీ కళ్లనిండా నీళ్లు.

మార్చి 20, గురువారం

చేరాం. తెల్లచీటీ డాక్టర్‌కి, పసుపుది గుమాస్తాకి, గులాబీది మందుల గదికి. గుమాస్తా గుర్తుపట్టాడు. ఈసారి విడి విడిగా తెచ్చారే అన్నాడు. నేర్చుకున్నానండీ అన్నాను.

మంచం, ఆపరేషన్ ఉచితం. లోపల కుట్టే దారం మాత్రం బయట కొనుక్కు రమ్మని చీటీ ఇచ్చారు. తెచ్చాను. వెంట్రుక కన్నా సన్నం. సర్జన్‌ని అడిగాను, ముడి ఎక్కడ పడుతుందండీ అని. తెగిన రెండు కొసల మధ్య దాచేస్తాం, పైన ఉంటే ఒరుసుకుంటుంది అన్నాడు. మేమూ మడత లోపలే దాస్తామండీ అన్నాను. నన్ను కొత్తగా చూశాడు.

మార్చి 22, శనివారం

పదింటికి లోపలికి తీసుకెళ్లారు. ఒంటిగంట ఇరవైకి బయటికి తెచ్చారు.

రెండు టెండన్లూ దొరికాయి. ఒక నరం కూడా కలిపారు. నాలుగు వారాలకి గాని ఏమీ చెప్పలేమన్నారు.

మత్తులోంచి లేచి వాడన్న మొదటి మాట: నొప్పిగా ఉందక్కా. నర్సు పరిగెత్తుకొచ్చింది. నేను దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఏప్రిల్ 2, బుధవారం

ఇంట్లో ఉన్నాడు. చెయ్యి కదలకుండా మోచేతి దాకా స్ప్లింట్ కట్టు. బరువు ముట్టుకోకూడదు. షాపులో కోత పనిని పాత స్నేహితుడొకడు వచ్చి చేసి వెళ్తున్నాడు. మడతలు మరదలు నేర్చుకుంది. కుట్టు నేనే. రోజుకి రెండు పుస్తకాలు దాటడం లేదు.

కొత్త లైటు వేయించాను. తేడా ఏమీ లేదు.

ఏప్రిల్ 9, బుధవారం

ఇన్సూరెన్స్ ఏజెంట్‌కి నేనే ఫోన్ చేశాను. సాయంత్రమే గొడుగుతో వచ్చాడు. ఈ చేతికి ఇప్పుడేమీ రాదమ్మా, ఇకముందు వాటికే అన్నాడు. తెలుసండీ అన్నాను. ఫారం ఇచ్చి వెళ్లాడు. ఇంట్లో అందరూ కూర్చుని నింపాలట.

ఏప్రిల్ 21, సోమవారం. పొద్దున

స్ప్లింట్ విప్పారు. వ్యాయామం చేయించే అమ్మాయి చిన్నోడి నడిమి వేలుని మధ్యలో పట్టుకుని, కొస ఒక్కటే మడువు అంది. వాడు కళ్లు మూసుకున్నాడు. ఏమీ లేదు. మళ్లీ అంది.

కదిలింది. బియ్యపు గింజంత.

చూపుడు వేలు అంతకన్నా తక్కువ. తిమ్మిరి తగ్గడానికి నెలలు పడుతుందట. పూర్తిగా వస్తాయా అంటే ఆ అమ్మాయి చెప్పలేదు. రోజుకి ఆరుసార్లు చెయ్యాలి, కష్టంగా ఉంటే చెప్పాలి అంది. చెబుతాడమ్మా అంది నడిపిది, ఈ మధ్య ఆపడమే కష్టంగా ఉంది.

ఏప్రిల్ 21. సాయంత్రం

ఫారం నింపాం. రాసింది మరదలు. ప్రస్తుతం ఉన్న జబ్బులు అనే గడి వచ్చింది. నడిపిది మోకాళ్లు చెప్పింది, బీపీ చెప్పింది, అడగనివి కూడా చెప్పింది. చిన్నోడు చెయ్యి చెప్పాడు. నా వంతు వచ్చింది. ఏం లేవు అన్నాను. మరదలు రాసింది.

చిన్నోడు ఎడమచేత్తో కలం తీసుకుని ఆ మాట కొట్టేశాడు. సూదులు ఎందుకు ఎక్కించి పెట్టేవాణ్ణనుకున్నావక్కా అన్నాడు.

మళ్లీ వాడే, మామయ్యలు రారు కదా అన్నాడు.

చెప్పాను. ఎడమ కన్ను మసక. రెండేళ్లయింది.

ఇంట్లో నిర్ణయమైంది. ఫారంలో ఉన్నదున్నట్టు రాస్తారు. రేపు మంగళవారం, కంటి ఓపీ. చిన్నోడు వెంట వస్తాడు. కాగితాలు విడి విడిగా తీసుకెళ్తాం.